జైసింగ్ వంతు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో సౌండు సెట్ల దుకాణం అంటే నాదే. ఇంకో రెండున్నాయి గానీ వాటిని నేను లెక్కలోకి తీసుకోను. నా పేరు లక్ష్మీరాజం. ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లకూ గణపతులకూ ఓట్ల మీటింగులకూ స్పీకర్లు కిరాయికిస్తున్నాను, చెడిపోయినవి బాగుచేస్తున్నాను. కంపెనీవాడు చేసిన ఏ వస్తువునైనా విప్పి చూసి, ఓస్, ఇందులో ఏమున్నది అనడం నాకు అలవాటు. సగంసార్లు నిజంగానే ఏమీ ఉండదు. మిగతా సగం గురించి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

2013 ఎండాకాలంలో, ఉగాది పోయిన వారానికి, ఎల్లారెడ్డి బస్సు దిగి ఒక అమ్మాయి మా దుకాణానికి వచ్చింది. నెత్తి మీద అట్టపెట్టె, భుజానికి గిటారు సంచి. సంచిని చూసి మనిషిని గుర్తుపట్టాను. ఆ సంచికి చిరిగినచోట తోలుముక్క వేసి కుట్టించింది నేనే. అమ్మాయి జైసింగ్ చెల్లెలు చందన. ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. పెట్టె దించి, చెమట తుడుచుకుని, పెండ్లి ఖాయమైందని చెప్పింది. ఇంకా నాలుగు వారాలుంది. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వబోయి, సంచి వైపు చూసి ఊరుకుంది.

జైసింగ్ సంగతి చెప్పాలి. ఎల్లారెడ్డి దాటాక పోచారం దారిలో వాళ్ల తండా. లంబాడి పిల్లవాడు, మా ఆర్కెస్ట్రాలో నాలుగేళ్లు గిటారు వాయించాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఏ పాటైనా రెండుసార్లు వింటే చాలు, మూడోసారి తనే వాయించేవాడు. నన్ను అన్నా అనేవాడు, నేనూ తమ్ముడి లెక్కనే చూసుకున్నాను. ఊరూరా డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలను పిలిచేవాళ్లు కరువయ్యాక 2010లో సౌదీలోని దమ్మాం పోయాడు. అక్కడ ఏసీ గొట్టాలు బిగించే పని. జీతంలో మిగిల్చుకుని ఒక డిజిటల్ గిటారు ఆంప్లిఫయర్ కొన్నాడు. శుక్రవారం సెలవు రోజు నాకు ఫోన్ చేసి దాని ముచ్చటే చెప్పేవాడు. అందులో వంద రకాల గొంతులున్నాయట, ఏది కావాలంటే గిటారు ఆ గొంతుతో పలుకుతుందట, వాయించింది వాయించినట్టు లోపల దాచుకుంటుందట. పేరుకు ఆంప్లిఫయరే గానీ స్పీకరు దానికి లేదు, విడిగా కొనుక్కోవాలి. నోరు లేనోడికి వంద గొంతులెందుకురా అని నేను ఎగతాళి చేసేవాణ్ని.

2012లో దసరా ముందర, పనిచేసే చోట పైనుంచి పడ్డాడు. శవం తండాకు చేరడానికి నలభై రోజులు పట్టింది. గిటారూ, ఆ ఆంప్లిఫయర్ పెట్టే ఇంకో మూడు నెలలకు కార్గోలో వచ్చాయి.

చందన వచ్చిన పని ఇదీ. వాళ్లలో పెళ్లికూతురు ఏడవాలి. ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటే సరిపోదు, పాట కట్టి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటారు. అత్తగారింటికి కదిలే ముందు తల్లినీ తండ్రినీ అన్నదమ్ములనూ ఒక్కొక్కరినే మెడ పట్టుకుని, వాళ్లు తనకు చేసిన మేలూ, చేసిన అన్యాయమూ అన్నీ రాగంలో చెబుతూ ఏడుస్తుంది. ఎవరి వంతు వాళ్లకుంటుంది. ఒకరి వంతు దాటేసిందంటే ఆ మనిషితో తనకు రుణం తీరిందని చెప్పినట్టే. వాళ్లమ్మ దుర్గి తండాలో ఆడపిల్లలందరికీ ఆ పాట నేర్పిన మనిషి.

జైసింగ్ ఆ రాగాన్నే గిటారు మీద వాయించి పెట్టెలో దాచాడు. చెల్లెలి పెండ్లికి తనకు సెలవిస్తారో ఇవ్వరో అని ముందుచూపు. తన వంతు వచ్చినప్పుడు పెట్టె పెట్టమన్నాడు. నువ్వు ఏడువు, నేను గిటారుతోని జవాబు చెప్త, అన్నాడు. ఫోనులోనే ఒకసారి వినిపించమని చందన ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఫోనులో వింటే రేకు డబ్బా కొట్టినట్టుంటుంది, మంచి స్పీకర్లో వినాలి, ఏ స్పీకరు పెట్టాలో లక్ష్మీరాజమన్న చూసిపెడతాడు, అన్నాడట.

ఆ మాట విన్నాక చాయ్ తాగుతావా అని అడిగాను.

పెట్టె విప్పాను. నల్లగా, అల్మారా గూట్లో పట్టేంత ఉంది. ఎవరైనా ఇతర ఊళ్లవాళ్లయితే వెంటనే ప్లగ్గు పెట్టి చూసేవాళ్లు. నేను మొదట దాని వెనకాల అతికించిన చీటీ చూశాను. నూటపది వోల్టులు. సౌదీ నుంచి వచ్చే సామాను సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడి మిక్సీలూ టేపులూ మన కరెంటు తగలగానే పొగలు కక్కి చచ్చిన ఇండ్లు కామారెడ్డి చుట్టూ ఎన్నో ఉన్నాయి. కరెంటును సగానికి దించే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి నా దగ్గరుంది, ఇనుప దూలమంత బరువు. దాన్ని పెట్టె పక్కన దించి, ఇది లేకుంటే మీ అన్న పాట ఈపాటికి బూడిదయ్యేది చెల్లె, అని చెప్పాను. ఆమె చేతులు జోడించబోయింది. నాకు గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు.

తర్వాత స్పీకరు. మా సౌండు సెట్ల వాళ్లకు స్పీకరు అంటే దూరం. మద్నూర్‌లో పెడితే మహారాష్ట్రలో వినిపించాలి. తండా పెండ్లి కాబట్టి గుళ్ల మీద కట్టే బుంగమైకులు పెడదామన్నాను, లేదా డీజే వాళ్లు వాడే పెద్ద బేసు డబ్బాలు. ఇప్పుడు మా ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే జీవన్‌ను పిలిపించాను. అతను కొంచెం చదువుకున్నవాడు, నెమ్మది మనిషి. గిటారును పెట్టెకు కలిపి ఒక్కో స్పీకరులో వాయించాడు. బుంగమైకులో గిటారు ముక్కుతో పాడినట్టుంది. బేసు డబ్బాలో కడుపు అదిరింది గానీ ఏ తీగ మోగిందో తెలియలేదు. గొంతు తయారుచేసే పని పెట్టే చేస్తుంది కాబట్టి స్పీకరు తన సొంత గొంతు కలపకూడదు, ఇచ్చింది ఇచ్చినట్టు చెప్పాలి, అని జీవన్ అన్నాడు. నా స్పీకర్లకు నా దుకాణంలోనే వంకలు పెడుతున్నాడని కోపమొచ్చింది గానీ, నిజం కాబట్టి మింగాను.

మూలన ఒక స్టేజీ స్పీకరు ఉంది. పాడేవాళ్లు తమ గొంతు తాము వినడానికి కాళ్ల దగ్గర పెట్టుకునేది. దాని మీద దుమ్ము దులిపి కలిపాను. జీవన్ నాలుగు తీగలు మీటేసరికి చందన కళ్లు మూసుకుంది. "ఇదే అన్న," అంది. "ఎదురుంగ కూసొని మాట్లాడినట్టున్నది." ఆమె చేతనే ఎంపిక చేయించాను, నాకూ అదే సరైందని తెలుసు. పెట్టె నుంచి స్పీకరుకు పోయే వైరు మందంగా, గుర్రుమనని రకం చూసి తీశాను. నడుస్తుంటే కాలికి తగిలి ఊడకుండా కొసలకు గట్టి పిన్నులు వేశాను. గిటారు నిలబెట్టడానికి స్టాండు, ఎండకు పెట్టె వేడెక్కకుండా కింద చెక్క, కరెంటు పోతే జనరేటరు. ఒక్కటొక్కటే బల్ల మీద పేరుస్తుంటే నేనే పెండ్లి చేస్తున్నట్టుంది.

మిగిలింది కాలి స్విచ్చి. దాచిన పాట మోగాలంటే కాలితో తొక్కే స్విచ్చి కావాలి, పెట్టె మీద దానికి మీట లేదు. జైసింగ్ వాడిన స్విచ్చి కార్గోలో రాలేదు, ఎక్కడ పోయిందో. హైదరాబాద్‌లో గిటార్లు అమ్మే దుకాణానికి ఫోన్ చేశాను. తెప్పించడానికి పదిహేను రోజులు పడుతుందనీ, ఆ కంపెనీదే వాడాలనీ అక్కడి ఆయన చెప్పాడు. పెండ్లికి నాలుగు వారాలుంది. ఆగితే ఏ ఇబ్బందీ లేదు. జీవన్ కూడా ఆగుదామన్నాడు. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అందులో ఏమున్నది, ఒక స్విచ్చి, ఒక వైరు, దానికి పదిహేను రోజులా అన్నాను. టేబుల్ లైటు స్విచ్చి ఒకటి తీసి, ఇనుప డబ్బీలో బిగించి, వైరు అతికించి అరగంటలో తయారుచేశాను. తొక్కితే టక్కుమని చక్కగా దిగింది.

సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది. చందన స్టూలు మీద కూర్చుని, ఒడిలో రెండు చేతులు పెట్టుకుంది. వాళ్లమ్మ తనకు ఒక్క మాట చెప్పి పంపిందని అంది. ముందు నువ్వు విను, మంచిగుంటే పెండ్లిల నేను వింట, అన్నదట. పెట్టెకు కరెంటు ఇచ్చాను. ముందరి చిన్న అద్దంలో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, ఒక మూలన అంకెలు. నాలుగు, పది. అవేమిటని నేను అడగలేదు. స్విచ్చి తొక్కాను.

గిటారు మోగింది. ఒక తీగ, దాని వెనక ఇంకో తీగ, మూడోది కొంచెం సాగదీసి. చందన స్టూలు మీంచి లేచింది. "వీడే," అంది. అంతే, ఆగిపోయింది.

వైరు కదిలిందనుకున్నాను. పిన్నులు తీసి పెట్టాను, స్విచ్చి మళ్లీ తొక్కాను, పైకి లేపాను. స్పీకరు మార్చాను, చివరికి ఆ బుంగమైకు కూడా కలిపాను. ఏమీ లేదు. చందన ఏమీ అడగకుండా నా చేతుల వైపే చూస్తోంది. వైరులో లోపలెక్కడో లూజున్నది, గురువారం రా చెల్లె, సక్కగ చేసి పెడత, అన్నాను. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకు కారణమేముంది. గిటారు కూడా నా దగ్గరే వదిలి, మళ్లీ మళ్లీ వెనక్కి చూస్తూ బస్టాండుకు పోయింది.

ఆమె పోయాక అద్దంలో అంకెలు చూశాను. సున్నా, సున్నా సున్నా.

హైదరాబాద్‌కు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం ఆపాడు. ఇంటి బయట గంట మీట నొక్కి వదిలితే పైకి వచ్చేస్తుంది, ఇంట్లో లైటు స్విచ్చి వేస్తే వేసినట్టే ఉంటుంది, ఈ పెట్టెకు కావలసింది గంట మీట లాంటి స్విచ్చి, అని చెప్పాడు. ఒకసారి తొక్కి వదిలితే పాట మోగుతుంది. రెండు సెకండ్లు తొక్కి పట్టుకుంటే తుడిచెయ్యమని అర్థం. నేను బిగించిన స్విచ్చి తొక్కింది తొక్కినట్టే ఉండిపోయింది. పెట్టె దృష్టిలో ఎవరో కాలు తీయకుండా తొక్కి పట్టుకున్నారు, అందుకని అది చెప్పినట్టు చేసింది. తుడిచింది తిరిగి రాదా అని అడిగాను. రాదు సేఠ్, అన్నాడాయన. ఆ మూల అంకెలేమిటని అడిగాను. పాట ఎంతసేపుందో చూపేవి. నాలుగు నిమిషాల పది సెకండ్లు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రాత్రంతా పెట్టె ముందు కూర్చున్నాను. విప్పి చూసే ధైర్యం లేదు. ఈ పనిలోకి వచ్చాక మొదటిసారి, ఇందులో ఏమున్నదో అనుకున్నాను.

మరునాడు జీవన్ వచ్చి, ఆ రాగం దుర్గవ్వ దగ్గర తెలుసుకుని తనే వాయించి పెడతానన్నాడు. ఎవరికీ తెలియదన్నాడు. నేను వద్దన్నాను. చందన ఆ మూడు తీగలు విని లేచి నిలబడ్డ తీరు చూశాను కదా, ఆమెను మోసం చేయడం కుదరదు. అంత పెద్ద నీతి మాట్లాడినవాణ్ని నిజం చెప్పాలి కదా. చెప్పలేదు. గురువారం చందన మెట్లెక్కుతుంటేనే పెట్టె మీద గుడ్డ కప్పాను. తమ్ముడని చెప్పుకున్నవాడి పాట నా చేత్తో చెరిపానని ఎట్లా చెప్పాలి? తండా అంతా, ఎల్లారెడ్డి అంతా ఏమంటుంది? ఇంత తెలిసిన మెకానికు ఇంత పని చేశాడంటుంది. ఆమె బాధకంటే నా పేరే నాకు ముందు గుర్తొచ్చింది. సిగ్గుతో చెబుతున్నాను, గుర్తొచ్చింది అదే.

"పెట్టెల గంతే ఉన్నది చెల్లె," అన్నాను. "మొదలుపెట్టి ఇడిచిపెట్టినట్టున్నడు. పనిల పడి మర్చిపోయిండో ఏమో."

చందన ఆ గంతయినా ఇంకోసారి వినిపించమంది. పెట్టె ఖరాబైందనీ, అది కూడా పోయిందనీ చెప్పాను. ఒక అబద్ధం కప్పిపెట్టడానికి ఇంకోటి, అవి ఎప్పుడూ అట్లాగే వస్తాయి.

"మొత్తం కొట్టిన, నిలిపిన అని చెప్పిండు," అంది. "యాడి మీద ఒట్టేసి చెప్పిండు. ఉత్తదేనా?"

వాళ్లు తల్లిని యాడి అంటారు. ఆ పిల్ల ముఖంలో దుఃఖం పోయి ఇంకేదో వచ్చి కూర్చుంది. చనిపోయిన అన్న మీద కోపం. అప్పటికి కూడా నోరు తెరిస్తే సరిపోయేది. నేను వైర్లు చుడుతూ కూర్చున్నాను. స్పీకరు వద్దు, పెట్టె వద్దు, ఏదీ తేవద్దు అని చెప్పి, గిటారు ఒక్కటి భుజాన వేసుకుని పోయింది. పెండ్లికి మైకు సెట్టు మాత్రం నా తరఫున పెడతానని వెనక నుంచి అరిచాను. సరే అన్నట్టు చెయ్యి ఊపింది.

పెండ్లి మే నెలలో. తెల్లారకముందే లింగంపేట మీదుగా ఆటో ట్రాలీలో సెట్టు వేసుకుని తండాకు చేరాను. కరెంటు లేదు, ఆ ఎండాకాలం ఎప్పుడూ లేదు. జనరేటరు పెట్టి పాటలు వేశాను. దుర్గి వచ్చి, జైసింగ్ ఉంటే నీ పక్కనే కూర్చునేవాడు అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఏ మాటన్నా నాకు ఉలికిపాటుగానే ఉంది. ఆమెకు చందన ఏం చెప్పిందో నాకు తెలియదు. నాకు చాయ్ పోసింది, అన్నం తినకుండా పోవద్దంది.

పదకొండు గంటలకు పెళ్లికూతురు ఏడ్చే వేళయింది. పందిరి కింద ఆడవాళ్లు చుట్టూ చేరారు. చందన ముందు తల్లి మెడ పట్టుకుంది. నాకు వాళ్ల భాష సగం కూడా రాదు. కానీ ఆ రాగం మొదలవగానే అందులో మొదటి మూడు ముక్కలు గుర్తుపట్టాను. స్పీకరులో నేను విన్నవి అవే. తల్లి వంతు అయింది. తండ్రి తేజ్యా వంతు అయింది, అతను ముందే తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మేనమామ వంతు అయింది. తర్వాత అన్న వంతు.

నులకమంచం మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద గిటారు పెట్టారు. దుర్గి చందనను అటు నడిపించింది. చందన మంచం ముందు నిలబడింది. అప్పటిదాకా ఏడ్చిన మనిషి కళ్లు తుడుచుకుంది, ముఖం తిప్పుకుని ముందుకు నడిచింది.

ఆడవాళ్ల పాట ఆగిపోయింది. దుర్గి పరుగున పోయి కూతురి చెయ్యి పట్టుకుంది. ఏదో అడిగింది. చందన తెలుగులోనే, అందరికీ వినపడేటట్టు జవాబు చెప్పింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా విన్నారు.

"ఆడు నాకు మాటిచ్చి తప్పిండు. నీ మీద ఒట్టేసి తప్పిండు. ఆని వంతు నేను ఏడువ."

దుర్గి ముఖం నేను చూశాను. కొడుకు శవం వచ్చిన రోజు కూడా నేను ఆ తండాలోనే ఉన్నాను. ఆ రోజు కూడా ఆమె ముఖం అట్లా లేదు. పోయినవాడు మంచివాడన్న ఒక్క మాట మీద ఆమె బతుకుతోంది. దాన్ని కూడా నేను ఊడబెరుకుతున్నాను.

పక్కన స్పీకరులో సినిమా పాట సన్నగా మోగుతూనే ఉంది. జనరేటరు ఆపేశాను. అంతా ఒక్కసారి నిశ్శబ్దమైతే అందరూ నా వైపు తిరిగారు. లేచి పందిరిలోకి నడిచాను.

"జైసింగ్ మాట తప్పలె," అన్నాను. "పాట నిండుగనే ఉండె చెల్లె. నేను ఖరాబు స్విచ్చి కట్టి తొక్కిన, మొత్తం తుడుచుకపోయింది. తప్పు నాది. నీకు అబద్ధం చెప్పిన."

ఎవరైనా కొడితే బాగుండుననిపించింది. చందన నా వైపు అట్లాగే చూసింది.

"ఎంతసేపుండె?" అని అడిగింది.

"నాలుగు నిమిషాల పది సెకండ్లు. నా కండ్లతోని చూసిన."

ఆమె పెదాలు ఆ అంకెలను లోలోపల అనుకున్నట్టు కదిలాయి. వెనక్కి తిరిగి, మంచం దగ్గరికి పోయి, గిటారును రెండు చేతులా ఎత్తి మెడకు హత్తుకుంది. ఆ ఏడుపు నేను చెప్పలేను. అంతకుముందు ఏడ్చినవన్నీ పాటలు, ఇది వేరే. చిన్నప్పటి సంగతులు, అతను పోచారం చెరువులో ఈత నేర్పింది, దమ్మాం నుంచి పంపిన చీర, శవపేటిక వచ్చిన దినం, అన్నీ వస్తున్నాయని నా పక్కన నిలబడ్డ ముసలావిడ మెల్లగా తెలుగులో చెబుతోంది. వీరా, వీరా అన్న పిలుపు మాత్రం నాకే తెలుస్తోంది. అన్నను అట్లా పిలుస్తారు. ఉన్నట్టుండి ఆ రాగంలో నా పేరు వినిపించింది. ముసలావిడ నోరు మూసుకుంది. చెప్పమని బతిమాలాను.

"నా అన్న ఎడారిల ఒకపారి సచ్చిండు, లక్ష్మీరాజం దుకాన్ల రెండోపారి సచ్చిండు అంటున్నది," అని చెప్పి ఆమె పక్కకు జరిగింది.

అందులో తప్పేమీ లేదు. తల వంచుకుని విన్నాను.

చందన జీపు ఎక్కేటప్పుడు నా ముందునుంచే పోయింది, ఆగలేదు. జీపు పోయిన దుమ్ము సర్దుకునేదాకా నిలబడి, వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు దుర్గి వచ్చింది. చేతిలో అన్నం పళ్లెం. అది బల్ల మీద పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

"నువ్వు ఇన్నవు గద సేటు," అంది. "ఎట్ల కొట్టిండు? మెల్లగ కొట్టిండా, బిరబిర కొట్టిండా?"

ఎందుకని అడిగాను. కడుపులో దుఃఖముంటే ఆ రాగం మెల్లగ నడుస్తుందనీ, సంతోషంగా ఉన్నవాడు బిరబిర లాక్కుపోతాడనీ చెప్పింది. అక్కడ కొడుకు ఎట్లా బతికాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫోనులో ఎప్పుడడిగినా మంచిగున్న అనేవాడట. పాట వింటే తెలుస్తుందని ఇన్ని నెలలుగా ఎదురుచూస్తోంది.

ఏం చెప్పాలి? బిరబిర కొట్టిండు, సంతోషంగా ఉన్నడు అంటే ఆ తల్లి ఈ రోజుకు నిద్రపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను విన్నది మూడు తీగల మోత, రెండు సెకండ్లు. అందులో నడక ఎట్లా తెలుస్తుంది? మూడోది సాగదీశాడు, అది దుఃఖమో, వేలు అలవాటో. ఒక అబద్ధంతో ఈ ఇంటికి ఏం చేశానో ఇప్పుడే చూశాను.

"తెల్వది అవ్వ," అన్నాను. "ఇన్నది రెండు సెకండ్లే, గంతట్ల తెల్వలె."

ఆమె కాసేపు నా ముఖంలో వెతికింది. సరే అన్నట్టు తల ఊపి, పళ్లెం నా దగ్గరికి జరిపి, తినమంది.